మన టీవీ ఎందుకిలా ఉంది? బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు అక్కడి టీవీ సంగతి చెప్పండి

లీడ్స్_లక్ష్మి
అమ్మావాళ్ళు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే (అక్కడ సాయంత్రం కదా) రిమోట్ అమ్మ చేతిలోకి వెళ్ళిపోతుంది. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి చెవిన పడక తప్పదు. నిన్న ఒక సీరియల్లో కోడలు కాఫీ తెచ్చి అత్తగారికి ఇవ్వబోతుంది, ఆవిడ ముఖం తిప్పుకుంటుంది. సీనంతా ఇంతే. దానికి హాల్లో ఉన్న ఏడుగురి ముఖాలూ వరసపెట్టి చూపించారు, ఒక్కో ముఖానికి మూడుసార్లు జూమ్, జూమ్‌కో డప్పు దెబ్బ, మధ్యమధ్యలో తెర నలుపు తెలుపై మళ్ళీ రంగుల్లోకి రావడం. కప్పు ఇంకా కోడలి చేతిలోనే ఉంది, బ్రేక్ వచ్చేసింది.
రాత్రికి బీబీసీలో ఒక పోలీసు కథ చూశాను. మొత్తం ఆరే ఎపిసోడ్లు, ఒక్క మాట వృథాగా లేదు, మధ్యలో ప్రకటన లేదు. కెమెరాలు అవే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అదే, మనవాళ్ళకి ప్రతిభ తక్కువేం కాదు. మరి తేడా ఎక్కడొస్తోంది? చూసే మనలోనా, తీసేవాళ్ళలోనా, డబ్బులోనా?

నిజాంపేట_నాని
ఏడుగురేనా? మా ఇంట్లో నడిచేదాంట్లో కుక్క రియాక్షన్ కూడా వేశారు. అందరికంటే అదే బాగా చేసింది.

పాతయాంటెనా
మన టీవీ ఎప్పుడూ ఇలా లేదమ్మా. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ అందించే సైట్ ప్రయోగం చేసినప్పుడు ఆరు రాష్ట్రాల్లో రెండు వేల పైచిలుకు ఊళ్ళను ఎంచుకున్నారు, అందులో మన ఊళ్ళూ ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒకటే పెట్టె, అందులో సేద్యం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. 1983లో తెలుగు వార్తలు మొదలయ్యాయి, ప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో శాంతిస్వరూప్ గారు కాగితాలు చేతిలో పెట్టుకుని చదివేవారు, ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. 1984లో హిందీలో వచ్చిన హమ్ లోగ్ కూడా మెక్సికో వాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతే. సీరియల్‌తో కుటుంబ నియంత్రణ లాంటి విషయాలు జనానికి ఎక్కించవచ్చని అక్కడ మిగెల్ సబీదో అనే ఆయన చేసి చూపించాడు. హమ్ లోగ్ కూడా నూట యాభై చిల్లర ఎపిసోడ్లతో అయిపోయింది. కథకి ముగింపు అనేది ఒకటి ఉండేది.

నిజాంపేట_నాని
అంకుల్, ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న కార్డుని మర్చిపోయారు. ఆ రోజుల్లో ఎక్కువసేపు నడిచిన ప్రోగ్రాం అదే అని మా నాన్న అంటారు.

ఎడిసన్_మామ
లక్ష్మి గారూ, మీ పోలికే సరిగ్గా లేదు. ఏ దేశం నుంచైనా బయటికి వచ్చేది వడగట్టిన సరుకు. అమెరికా టీవీ అనగానే అందరూ చందా కట్టి చూసే హెచ్‌బీఓ పేరే చెప్తారు. ఇక్కడ మామూలు మనిషి ఇంట్లో నడిచేది అది కాదు. జనరల్ హాస్పిటల్ అనే పగటి సీరియల్ 1963 నుంచి వస్తోంది, ఇంకా ఆగలేదు. మన అత్తలు ఎవరూ దాని దరిదాపుల్లోకి రాలేరు. చచ్చినవాళ్ళు తిరిగి రావడం, కవల సోదరుడు దిగడం, కోమా, అన్నీ ఇక్కడా ఉన్నాయి.
ఇక ప్రకటనలు. డాక్టర్ చీటీ ఉంటేనే దొరికే మందులకు టీవీలో నేరుగా జనానికి ప్రకటనలు ఇచ్చే దేశాలు ప్రపంచంలో అమెరికా, న్యూజిలాండ్ రెండే. ఒక పెద్దాయన మనవడితో నవ్వుతూ చేపలు పడుతుంటాడు, వెనక ఒక గొంతు లివర్ పాడవచ్చు, స్ట్రోక్ రావచ్చు, ప్రాణం పోవచ్చు అని గబగబా చదివేస్తుంటుంది. సాయంత్రం వార్తలు పెడితే బ్రేక్ బ్రేక్‌కీ ఇదే. మా నాన్నగారు ఇక్కడికొచ్చినప్పుడు వాటిని చూసి తనకి లేని జబ్బులన్నీ తెచ్చుకున్నారు.
1961లోనే ఇక్కడ టీవీ, రేడియోలని నియంత్రించే ఎఫ్‌సీసీ చైర్మన్ న్యూటన్ మినో టీవీ వాళ్ళ సభలోనే నిలబడి మీ టీవీ ఓ విశాలమైన బీడుభూమి అని మొహం మీద అనేశాడు. ప్రభుత్వ సొమ్ము కొంత అందుతూ వచ్చిన పీబీఎస్ ఒకటి ఉంది, పిల్లల కార్యక్రమాలూ డాక్యుమెంటరీలూ నిజంగా బాగుంటాయి. 2025లో ఆ నిధులు కూడా కాంగ్రెస్ వెనక్కి తీసేసుకుంది.

క్రాయ్‌డన్_క్రిష్
మామ చెప్పింది కరెక్ట్. లక్ష్మి గారు రాత్రి తొమ్మిదింటి బీబీసీని చూసి బ్రిటన్ టీవీ ఇదే అంటున్నారు. ఒకసారి పొద్దున పదకొండింటికి బీబీసీ వన్ పెట్టండి. వేలంలో పాత ఇల్లు కొని, గోడలు పగలగొట్టి, అద్దెకిస్తే ఎంతొస్తుందో లెక్కేసే షో. అది అయితే తాతల నాటి గడియారాలు అమ్మే షో. కారొనేషన్ స్ట్రీట్ ఐటీవీలో 1960 నుంచి, ఈస్ట్‌ఎండర్స్ బీబీసీలోనే 1985 నుంచి. క్రిస్మస్ రోజు ఎపిసోడ్‌లో ఎవరో ఒకరు చావాలి లేదా ఒక కాపురం కూలాలి, లేకపోతే ఇక్కడి వాళ్ళకి పండగ చేసుకున్నట్టుండదు.

లీడ్స్_లక్ష్మి
చెత్త ఉందని ఒప్పుకుంటాను క్రిష్. కానీ చెత్తతోపాటు ఆ రాత్రి తొమ్మిదింటిది కూడా ఉంది కదా, నా బాధ అదే. తెలుగులో ఆ రెండోది ఏ ఛానెల్లో, ఏ టైముకి వస్తుందో చెప్పండి, అమ్మకి పెడతాను.

భీమవరం_సరోజ
రిటైరైన టీచర్ని, మూడు సీరియళ్ళు చూస్తాను, సిగ్గుపడను. మీరందరూ సోఫాలో కూర్చుని, లైట్లు ఆపి, ఫోను పక్కన పెట్టి చూసేవాళ్ళ లెక్కలో మాట్లాడుతున్నారు. ఆ టైముకి నేను వంటింట్లో ఉంటాను. పోపు వేస్తూ వింటాను. డప్పు మోగితే తొంగి చూస్తాను, అత్త ముఖం కనిపిస్తే కథ అర్థమైపోతుంది, మళ్ళీ పొయ్యి దగ్గరికి. మీ ఆరు ఎపిసోడ్ల పోలీసు కథలో నేను రెండు నిమిషాలు కూర తిప్పి వస్తే హంతకుడెవరో కూడా తెలియదు. ఇంకో సంగతి. తెలుగు సినిమాల్లో యాభై దాటిన ఆడమనిషికి ఏం పాత్ర ఇస్తున్నారు? హీరో తల్లి, రెండు సీన్లు, ఒక ఏడుపు. ఇక్కడ ఆమెదే ఇల్లు, ఆమెదే కథ. వెక్కిరించే ముందు అది కూడా చూడండి.

నిజాంపేట_నాని
సరోజ ఆంటీ గెలిచారు. త్రెడ్ మూసేయండి.

ఎడిటింగ్_టేబుల్
మూయకండి, నేనిప్పుడే వచ్చాను. హైదరాబాద్‌లో డైలీ సీరియళ్ళకి ఎడిటర్‌గా చేస్తున్నాను, ఛానెల్ పేరు అడగొద్దు. లక్ష్మి గారి ఏడు ముఖాల రహస్యం నేను చెప్తాను.
ఆ ఏడుగురూ ఒకే రోజు ఒకే హాల్లో ఉండి ఉండరు. సీనియర్ ఆర్టిస్టులు రెండు మూడు సీరియళ్ళు చేస్తుంటారు. అత్తగారి డేట్ ఉన్నరోజు మావగారు వేరే బంగళాలో ఉంటాడు. కాంబినేషన్ కుదరదు. కాబట్టి ఎవరు వచ్చినరోజు వాళ్ళ చేత ఎడమకి చూసి కోపం, కుడికి చూసి ఆశ్చర్యం, కిందికి చూసి బాధ అని విడిగా తీసి పెట్టుకుంటారు. అవన్నీ నా సిస్టంలో పేర్లతో ఫోల్డర్లుగా ఉంటాయి. వెనక కర్టెన్ రంగు కలిస్తే చాలు, పోయిన నెల కోపాన్ని ఈరోజు కాఫీకి అతికిస్తాను. కర్టెన్ కలవకపోతే నలుపు తెలుపు చేసేస్తాను. ఆ ఎఫెక్ట్ దర్శకుడి కళాదృష్టి అనుకున్నారా?
ఇంకోటి, నిడివి. రోజుకి ఇరవై రెండు నిమిషాలు అటూ ఇటూగా ఇవ్వాలి, వారానికి అయిదారు రోజులు. స్క్రిప్ట్ పద్దెనిమిదికే అయిపోతే మిగతా నాలుగు ఎక్కణ్ణుంచి తేవాలి? ఏడు ముఖాలు, మూడేసి జూమ్‌లు, ఒక నిమిషం గడిచింది. మాటల రచయిత ఒక్కడే. సీన్ తెల్లవారి షూటింగ్‌కి రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వస్తుంది. అమెరికాలో రచయితలంతా ఓ గదిలో కూర్చుని రాస్తారు, 2023లో వాళ్ళు 148 రోజులు సమ్మె చేసినప్పుడు అడిగిన వాటిలో ఒకటి ఏంటంటే ఒక్కో షోకి కనీసం ఇంతమందిని పెట్టుకోవాలని. మేమది చదివి నవ్వుకున్నాం.
సరోజ గారి మాట కూడా నిజమే. సౌండ్ ఇంకా పెంచమని మాకు చెప్పేదే అందుకు.

క్రాయ్‌డన్_క్రిష్
పోయిన నెల కోపం 😂😂 ఈ ఏడాదికి ఇదే బెస్ట్ పోస్ట్.

బెర్లిన్_బుజ్జి
సీరియళ్ళ సంగతి సరే, వార్తల గురించి ఎవరూ ఎత్తట్లేదేం? ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి ఏఆర్‌డీ అనే ప్రజా ఛానెల్లో టాగెస్‌షౌ అనే వార్తలు వస్తాయి, 1952 నుంచి ఉన్నాయి. సరిగ్గా పదిహేను నిమిషాలు. ఒక మనిషి బల్ల వెనక ఉండి చదువుతారు, వార్త కింద సంగీతం ఉండదు, ఎవరూ ఎవరి మీదా అరవరు, చివర్లో వాతావరణం, అయిపోతుంది. ఆదివారమైతే దాని తర్వాత ఎనిమిదింపావుకి టాటోర్ట్ అని తొంభై నిమిషాల నేరకథ, 1970 నుంచి. ఒక్కో వారం ఒక్కో ఊరి పోలీసులు. ఆ టైముకి మా జర్మన్ స్నేహితులకి ఫోన్ చేస్తే ఎత్తరు.
మన తెలుగు న్యూస్ ఛానెల్ పెట్టండి. తెర మీద ఆరు పెట్టెలు, కింద మూడు స్క్రోళ్ళు, పక్కన తిరిగే బంగారం ధర. వార్త ఎక్కడుందో వెతుక్కోవాలి.

వరంగల్_వేణు
బుజ్జీ, అక్కడ దానికి డబ్బులు ఎవరిస్తున్నారో కూడా చెప్పు.

బెర్లిన్_బుజ్జి
మేమే. ఇంటికి నెలకి 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేదన్నా వదలరు. మా ఆఫీసులో సగం మంది తిట్టుకుంటూనే కడతారు. చూసేవాళ్ళ సగటు వయసు అరవై దాటింది, కుర్రాళ్ళు అటు తిరిగి చూడరు, ఇది ఇక్కడ పెద్ద గొడవ. పక్కన స్విట్జర్లాండ్‌లో 2018లో ఈ రుసుం ఎత్తేద్దామా అని ఏకంగా ఓటింగే పెట్టారు. 71 శాతం పైగా జనం వద్దు, ఉంచండి అన్నారు.

వరంగల్_వేణు
మన దగ్గర కూడా ఉండేది అన్నా. పోస్టాఫీసులో రేడియోకీ టీవీకీ లైసెన్సు కట్టేవాళ్ళు, ఎనభైల మధ్యలో ఎత్తేశారు. ఇప్పుడు నెలకి నాలుగొందలు కట్టమంటే ఎవరు కడతారు? కట్టినా అది ప్రభుత్వం చేతిలోకే పోతుంది, ఏ పార్టీ ఉంటే ఆ పార్టీ భజన. ప్రసార భారతి చట్టం 1990లో చేశారు, అమల్లోకి తెచ్చింది 1997లో. ఆ ఏడేళ్ళ ఆలస్యం చూస్తేనే దూరదర్శన్‌కి స్వేచ్ఛ ఇవ్వాలని ఎవరికెంత ఆత్రం ఉందో తెలుస్తది. అందుకే జర్మనీ లెక్క ఇక్కడ నడవదు అంటున్నా. ఆరు పెట్టెల్లో అరుచుకుంటున్నా కనీసం ఆరుగురు ఉన్నారు కదా.

పాతయాంటెనా
ఆరుగురున్నా అరిచేది ఒకే మాట, వేణూ.

లీడ్స్_లక్ష్మి
ఇక్కడ బీబీసీ లైసెన్సు 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. మన డబ్బుల్లో ఇరవై వేలు దాటుతుంది. కట్టకుండా లైవ్ టీవీ చూస్తే కేసు పెడతారు, ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తాయి. కానీ అది చూసేవాళ్ళం కట్టే రుసుం కాబట్టి అధికారంలో ఉన్నవాళ్ళని బీబీసీ వాళ్ళు కూర్చోబెట్టి అడగాల్సినవి అడుగుతారు. పూర్తిగా స్వేచ్ఛ ఉందని అనను, పార్టీలన్నీ దాన్ని తిడుతూనే ఉంటాయి. కేసులు పెట్టే పద్ధతి నాకూ నచ్చదు.

ఒసాకా_వాసు
లక్ష్మి గారి ఏడు ముఖాలకి జపాన్ దగ్గర ఇంకా పెద్ద సమాధానం ఉంది. ఇక్కడి వెరైటీ షోల్లో తెర మూల ఒక చిన్న కిటికీ ఉంటుంది, వీడియో నడుస్తున్నంతసేపూ అందులో ఒక సెలబ్రిటీ ముఖం. ఎవరైనా రామెన్ నూడుల్స్ నోట్లో పెట్టుకుంటే ఆ కిటికీలో ముఖం ఆహా అంటుంది. పైగా మనిషి అన్న ప్రతి మాటనీ రంగురంగుల అక్షరాల్లో తెర మీద పొడుస్తారు. జపాన్ టీవీ అంటే ప్రశాంతంగా ఉంటుందనుకుని వచ్చాను, రెండోరోజుకే తలనొప్పి.
కానీ ఇక్కడి ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వేరు. 1961 నుంచి పొద్దున్నే పదిహేను నిమిషాల సీరియల్ ఒకటి వేస్తున్నారు. డైలీ సీరియలే, ఆడవాళ్ళ కథే, కష్టాలే. కానీ ఆర్నెల్లకి అయిపోతుంది, ఇంకో కథ మొదలవుతుంది. 1983లో వచ్చిన ఓషిన్ మాత్రం ఏడాది నడిచింది, 297 భాగాలు, సగటున దేశంలో సగానికి పైగా ఇళ్ళలో చూశారని రేటింగ్. పల్లెలో పుట్టి, చిన్నప్పుడే పనికి కుదిరి, వ్యాపారం పెట్టిన ఒక ఆడమనిషి జీవితం. డైలీ అయితేనే చెత్త అవ్వాలని రూలేం లేదు. ఎడిటింగ్_టేబుల్ గారూ, ముగింపు ఎప్పుడో ముందే తెలియడం వల్ల ఏమైనా తేడా ఉంటుందా?

ఎడిటింగ్_టేబుల్
చాలా ఉంటుంది వాసు గారూ. మా రచయితకి కథ ఎప్పుడు ముగుస్తుందో తెలియదు, అదే అసలు జబ్బు. రేటింగ్ బాగుంటే ఆపరు, పడిపోతే పదిహేను రోజుల్లో చుట్టేయమంటారు. కొత్త సీరియల్ దించాలంటే ప్రోమోలు, హోర్డింగులు, కొత్త సెట్, జనం అలవాటు పడేదాకా నెలల నష్టం. అందుకని ఉన్న గేదెనే పిండుతారు. కార్తీక దీపం పదిహేను వందల ఎపిసోడ్లు దాటి నడిచిందంటే కారణం అదే. ఆ కథకి మొదట్లో మంచి ముడి ఉంది, మలయాళం నుంచి తెచ్చారు. కానీ భార్యని అనుమానించిన నాన్న తన తప్పు తెలుసుకుంటే కథ అయిపోతుంది, కాబట్టి ఏళ్ళ తరబడి తెలుసుకోనివ్వకూడదు. ఎంత మంచి రచయితైనా అక్కడేం చేస్తాడు?
ఈ రేటింగులు కూడా దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్ళలో పెట్టిన మీటర్ల నుంచి వచ్చేవే. గురువారం అంకెలు వచ్చేదాకా ఆఫీసులో ఎవరికీ భోజనం సహించదు.

బెజవాడ_మౌనిక
కొరియాది ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మామూలుగా 16 ఎపిసోడ్లు, వారానికి రెండు, రెండు నెలల్లో ఫినిష్. మొదటి ఎపిసోడ్‌లో చూపించిన గొడుగుకి పదిహేనో ఎపిసోడ్‌లో అర్థం ఉంటుంది. నేను, మా పిన్ని, పిన్ని అత్తగారు ముగ్గురం తెలుగు డబ్బింగ్‌లో చూస్తాం. అత్తాకోడళ్ళ గొడవలు అక్కడ కూడా ఫుల్లుగా ఉంటాయి, పెళ్ళి వదులుకోమని డబ్బు కవరు బల్ల మీద పెట్టే తల్లి, మొహాన నీళ్ళు కొట్టడం. సరోజ ఆంటీకి నచ్చుతుంది, గ్యారంటీ. కాకపోతే వంటింట్లోంచి వింటే కుదరదు 🙂

ఎడిసన్_మామ
ఆఫీస్ అనే కామెడీ చూడండి, దేశాల తేడా అందులోనే ఉంది. బ్రిటన్‌లో రెండు సిరీస్‌లు, ఒక క్రిస్మస్ స్పెషల్, బాగా ఆడుతుండగానే ఆపేశారు. అదే అమెరికా వాళ్ళు తీసుకుని 201 ఎపిసోడ్లు చేశారు. హీరో వెళ్ళిపోయాక కూడా లాగారు. డబ్బులొస్తుంటే ఆపబుద్ధి ఎవరికి పుడుతుంది? హెచ్‌బీఓ ఎనిమిదేళ్ళలో సొప్రానోస్ అనే సిరీస్ 86 ఎపిసోడ్లే తీయగలిగిందంటే చందా కట్టేవాడు ఉన్నాడు కాబట్టి, సబ్బు అమ్మక్కర్లేదు కాబట్టి.

దోహా_దుర్గారావు
అరబ్ టీవీ గురించి నేను చెప్తాను, మా రూంలో ఈజిప్టు అతను ఉన్నాడు. వీళ్ళకి సీజన్ అంటే రంజాన్ నెల. సీరియల్ మామూలుగా ముప్పై ఎపిసోడ్లు, రోజుకొకటి, ఇఫ్తార్ అయ్యాక అందరూ టీవీ ముందే. నెల అయితే కథ అయిపోవాలి. పెద్ద నటులు కూడా దీనికోసం ఆగుతారు. తుర్కియే సీరియళ్ళు అరబిక్ డబ్బింగ్‌తో వస్తాయి, వాటి మజా వేరు, వాళ్ళ దేశంలో ఒక్కో ఎపిసోడ్ రెండు గంటలు దాటుతుందట, వారం వారం ఒక సినిమా తీసినట్టే. ఎడిటింగ్_టేబుల్ గారు అక్కడికి వెళ్తే ఇంకా ఎక్కువ ముఖాలు అతికించాలి.

ఎడిటింగ్_టేబుల్
వద్దు బాబోయ్. ఇక్కడే కళ్ళద్దాలు మూడోసారి మార్చాను.

గోథెన్‌బర్గ్_గోపి
స్వీడన్‌లో నాకు నచ్చింది ఒకటే. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని ఉద్దేశించి టీవీ ప్రకటనలు వేయకూడదు, 1991 నుంచి చట్టం. పిల్లల కార్యక్రమం ముందు, తర్వాత కూడా వేయకూడదు. ఇండియా వచ్చి నాలుగు రోజులు కార్టూన్ చూసిందంటే మా పాప షాపులో ఏ డబ్బాలో బొమ్మ వస్తుందో చెప్పేస్తుంది.

వరంగల్_వేణు
ప్రకటనల మాట వచ్చింది కాబట్టి, మన దగ్గర కూడా గంటకి పన్నెండు నిమిషాలు అని కేబుల్ రూల్సులో ఉంది. పది ప్రకటనలకి, రెండు సొంత డబ్బాకి. ఛానెళ్ళని నియంత్రించే ట్రాయ్ గట్టిగా అమలు చేద్దామంటే ఛానెళ్ళు కోర్టుకి పోయాయి. క్రికెట్‌లో అయితే వికెట్ పడ్డాక బ్యాటర్ ముఖం చూద్దామనుకునేలోపే పాన్ మసాలా.

క్రాయ్‌డన్_క్రిష్
ఇక్కడ ఐటీవీ, ఛానెల్ ఫోర్‌ల మీద సగటున గంటకి ఏడు నిమిషాలే. కానీ వేణూ, క్రికెట్ విషయంలో మీరే అదృష్టవంతులు. 2005 యాషెస్ తర్వాత ఇక్కడ టెస్టులు ఉచిత టీవీ నుంచి వెళ్ళిపోయాయి. మా పక్కింటి పిల్లాడికి ఇంగ్లండ్ ఓపెనర్ పేరు తెలియదు. ఇండియాలో మన జట్టు మ్యాచ్‌ల ఫీడ్ దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చట్టమే ఉంది.

మోడరేటర్
ఏ న్యూస్ ఛానెల్ ఏ పార్టీది అని వేసిన అయిదు పోస్టులు తీసేశాను. ఆ గొడవకి వేరే త్రెడ్ ఉంది, అక్కడికెళ్ళి కొట్టుకోండి.

భీమవరం_సరోజ
మంచి పని. అయ్యా ఎడిటింగ్_టేబుల్, మనం ఒకప్పుడు చేయగలిగాం కదా. అమృతం వారానికొక్కసారే వచ్చేది, 2001 నుంచి ఆరేళ్ళు, ఇప్పటికీ పిల్లలు యూట్యూబ్‌లో చూస్తున్నారు. పాడుతా తీయగాలో బాలు గారు ఒక పిల్ల తప్పు పాడితే ఆ రాగం గురించి చెప్పి, మళ్ళీ పాడించేవారు. ఇవేవీ విదేశాల నుంచి రాలేదు. మీ ఛానెల్ వాళ్ళు వారానికొక్క గంట అలాంటిదానికి ఇస్తే మీకొచ్చిన నష్టమేమిటి?

ఎడిటింగ్_టేబుల్
అడిగానండీ. ఆ ఒక్క గంటకయ్యే ఖర్చులో డైలీ అయిదు రోజులు వస్తుంది, రేటింగ్ మాత్రం దాంట్లో సగం కూడా రాదు అన్నారు. అడిగినవాడిని ఎడిటర్ని, ప్రోగ్రామింగ్ హెడ్‌ని కాదు. ఇప్పుడు కొందరు దర్శకులు ఓటీటీకి వెళ్ళి ఎనిమిది ఎపిసోడ్లవి తీస్తున్నారు, బాగానే ఉన్నాయి. కానీ అవి సరోజ గారి వంటింటికి రావట్లేదు, ఫోనులో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకే చేరుతున్నాయి.

భీమవరం_సరోజ
మౌనికా, ఆ కొరియా వాటిలో ఒకటి పేరు పంపించు. డబ్బింగ్ బాగుండాలి, ముద్దులు తక్కువ ఉండాలి, మా ఆయన కూడా పక్కనే కూర్చుంటారు.

బెజవాడ_మౌనిక
డే జాంగ్ గమ్ అని పాతది ఉంది ఆంటీ, ఇంగ్లీషులో జ్యువెల్ ఇన్ ద ప్యాలెస్ అంటారు. రాజుగారి వంటింట్లో పనిచేసే అమ్మాయి వైద్యురాలవుతుంది. తెలుగులో లేదేమో, సబ్‌టైటిల్స్‌తోనే చూడాలి. 54 ఎపిసోడ్లు, కొంచెం పెద్దదే.

భీమవరం_సరోజ
54 పెద్దదా? ఇక్కడ పెళ్ళిచూపులే అంత నడుస్తాయి. పంపించు.